ఇద్దరికి సరిపడా అరిసెలా?

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, "కప్పు బియ్యంతో అరిసెలు", "ఇద్దరికి సరిపడా జంతికలు" అంటూ వంటల వీడియోలు వరస కడుతున్నాయి. చిన్న కుటుంబాలు, చిన్న వంటిళ్ళు, ఎవరికీ తీరిక లేదు, కాబట్టి కొంచెం చేసుకుని కొంచెం తిందాం అని వాటి వాదన. వినడానికి బాగానే ఉంటుంది కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఇద్దరు తినడానికైతే ఉప్మా ఉంది, పకోడీ ఉంది, అట్టు ఉంది. పిండివంట పదిమందికి పంచడానికి పుట్టిన తిండి. అరిసెలు వండాలంటే నాలుగిళ్ళకు వెళ్ళేలా వండాలి. అంత ఓపిక లేని ఏడాది కొనుక్కోవాలి, అందులో తప్పేమీ లేదు. ఈ రెండింటికీ మధ్య కప్పు కొలత పెట్టుకుంటే చివరికి మిగిలేది నడుంనొప్పీ, మూకుట్లో సగం నూనే.

ఇంట్లో చేసినవే ఎందుకు మంచివి అని ఎవరినైనా అడగండి. రుచి అంటారు, ఆరోగ్యం అంటారు, ఖర్చు కలిసొస్తుంది అంటారు. ఈ మూడు మాటలూ మనం అలవాటుగా అనేసేవే తప్ప ఆలోచించి చెప్పేవి కావు.

రుచి సంగతే చూద్దాం. ఆత్రేయపురంలో పొయ్యి మీద బోర్లించిన కుండపై, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్క లాగు లాగి కాగితంలాంటి పొర తీసే ఆడవాళ్ళ చేతివాటం నా వంటింటికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. బందరు లడ్డూ అంతే. శనగపిండిని కారప్పూసలా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్ళీ దంచే పని అది. తాపేశ్వరం కాజా మడతలు ఇంట్లో వేస్తే పొరలు ఉంటాయి, మధ్యలో పాకం ఉండదు. రోజూ అదే పని చేసేవాళ్ళ చేతికీ ఏడాదికోసారి చేసే చేతికీ తేడా ఉంటుంది. ఇంట్లో చేసిన ప్రతిదీ అమృతం అని చెప్పుకోవడం మొహమాటానికి మాత్రమే పనికొస్తుంది.

ఆరోగ్యం మాట ఇంకా సున్నితమైనది. "బెల్లంతో చేశామండీ, ఏం కాదు, తినండి" అని చక్కెర జబ్బున్న పెద్దాయన చేతిలో అరిసె పెట్టేవాళ్ళను చూస్తుంటాను. బెల్లంలో కాస్త ఇనుము, కాస్త ఖనిజాలు ఉన్న మాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. రక్తంలోకి వెళ్ళాక ఒంటికి ఆ రంగు తేడా తెలియదు. రోజుకు మనం తినే చక్కెర, బెల్లం, తేనె లాంటివన్నీ కలిపి మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 5 శాతమంటే సుమారు 25 గ్రాములు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పోసే మన అరిసెలు రెండు తింటే ఆ లెక్క దాదాపు అక్కడికే చేరుతుంది. నువ్వులు అద్దినంత మాత్రాన తగ్గదు. ఓట్స్ జంతికలు, రాగి చక్కలు కూడా నూనెలోంచే వస్తాయి. ఎయిర్ ఫ్రయర్ జంతికల గురించి నేనేమీ అనను, చేసినవాళ్ళే రెండోసారి చేయడం లేదు.

ఇక ఖర్చు. మన పనికి విలువ కట్టకపోతేనే చవక. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

మరి ఎందుకు చేయాలి? ఈ వంటలు ఎలా తయారవుతాయో దగ్గర నుంచి చూస్తే జవాబు వాటిలోనే ఉంది.

అరిసెలకు బియ్యం ఒక రాత్రీ ఒక పగలూ నానాలి. మధ్యలో నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడేసి, గుడ్డ మీద పరిచి, నీళ్ళు ఓడిపోయాక, తడి మాత్రం ఆరకముందే మర పట్టించాలి. పిండి పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలబడాలి. పావుకిలో తడిబియ్యం పట్టుకెళ్తే మర దగ్గర అబ్బాయి మన మొహం వంక ఒక చూపు చూస్తాడు. అతని తప్పేమీ లేదు, ఆ కాస్తలో సగం మరకే అతుక్కుపోతుంది. పొడి పిండితో చేద్దామంటే అది పాకాన్ని తాగేసి, ఆరాక అరిసె గట్టిపడి విరుగుతుంది. మిక్సీలో వేస్తే జల్లెడ మీద రవ్వ మిగులుతూనే ఉంటుంది.

పాకం దగ్గర అసలు కథ. పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని, గరిటెతో ఒక బొట్టు వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. కట్టకుండా నీళ్ళలో కరిగిపోతే ఇంకా లేత. పళ్ళేనికేసి కొడితే టంగున మోగిందంటే ముదిరిపోయింది. లేతగా ఉన్నప్పుడు పిండి పోస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరాక పోస్తే పళ్ళతో యుద్ధం. చిన్న కొలతల వీడియోలు చెప్పని సంగతి ఇక్కడే ఉంది. పావుకిలో బెల్లం పాకం ఉండపాకం దాటి ముదిరిపోవడానికి, మీరు వెనక్కి తిరిగి పిండి గిన్నె అందుకునేంత సేపు చాలు. రెండు కిలోల పాకం అంత తొందరపడదు. పొయ్యి కట్టేశాక కూడా వేడి నిలబెట్టుకుని మీకు కాస్త వ్యవధి ఇస్తుంది. అంటే తక్కువ చేస్తే సులువు అనుకుంటాం గానీ అరిసెల విషయంలో తక్కువ చేయడమే కష్టం.

ఆ తర్వాత ఒకరు పిండి జారవిడుస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఒకరు నెయ్యి రాసుకున్న ఆకు మీద తట్టాలి, ఒకరు మూకుడు దగ్గర నిలబడాలి, తీసిన అరిసెను ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. వేడి ఉండగానే నొక్కాలి, చల్లారితే ఆ నూనె లోపలే ఉండిపోతుంది. ఒక్క మనిషికి ఉన్న చేతులతో ఇది అయ్యే పని కాదు.

నూనె మాటకొస్తే, ఆరు జంతికలు వేయించినా అరవై వేయించినా మూకుట్లో సగం దాకా నూనె ఉండాల్సిందే. ఆరు వేయించి ఆపితే ఆ నూనె అంతా మిగులుతుంది, పారబోయడానికి మనసొప్పదు. పక్కన పెట్టి మర్నాడు బజ్జీలకు, ఆ తర్వాత పూరీలకు కాస్తాం. కాగిన కొద్దీ నూనె విరిగి, చిక్కబడి, మంచిది కాని పదార్థాలు అందులో పేరుకుంటాయి. వాటిలో పోలార్ పదార్థాలు అనేవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి హోటళ్ళకు, మిఠాయి దుకాణాలకు నిబంధన పెట్టింది. మన వంటింటికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు కాబట్టి మనం మూడోసారి కూడా కాస్తాం. ఒకే రోజు నాలుగు వాయిలు వరసగా తీసి, నూనె దాదాపు అయిపోగొట్టి, అడుగున మిగిలినది పారబోయడం మేలు. అలా తీయాలంటే తినే నోళ్ళు కావాలి.

జంతికల గురించి ఒక్క మాట, ఎందుకంటే కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా తొందరపడేది దీనిలోనే. పిండి నూనెలో పడగానే బుసబుసా నురగ పొంగుతుంది. అది పిండిలోని తడి ఆవిరై పైకి రావడం. రంగు చూసి తీయకండి, రంగు మోసం చేస్తుంది. నురగ తగ్గి, నూనె నిదానించి, ఆ చప్పుడు సన్నబడే దాకా ఆగాలి. అప్పటికి తడి అంతా పోయినట్టు. ముందే తీస్తే ఆ పూట కరకరలాడి, మర్నాటికి సాగుతాయి. పిండిలో కాగిన నూనె పోయాలా, వెన్న కలపాలా అనేది వేరే గొడవ. నేను వెన్న పక్షం.

తడి లేకపోవడమే వీటి బలం. నీళ్ళు లేనిచోట బూజు బతకదు. అరిసెలో తడిని బెల్లం పట్టి ఉంచుతుంది, సున్నుండలో నీటి చుక్కే ఉండదు, సకినం ఎండుటాకులా చిటుక్కుమంటుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో వారాల తరబడి నిలవ ఉండేలా ఇంత కష్టపడి కనిపెట్టింది ఒక్క ఇంట్లో దాచుకోవడానికి కాదు. బండి కట్టుకుని ఊరు దాటించడానికి, దారిలో పాడవకుండా ఉండడానికి. సారె చూడండి. ఆడపిల్లతో పాటు అత్తారింటికి అరిసెలు, లడ్లు, చలిమిడి పంపేది ఆ ఇంటివాళ్ళు తినడానికని ఎవరూ అనుకోరు. ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి పంచాలి. కొత్త కోడలికి వీధిలో మొదటి పరిచయం ఆ అరిసెతోనే. సారెలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి దెప్పిపొడిచే అత్తగార్ల సంగతి నాకూ తెలుసు. ఆ లెక్కలను నేను సమర్థించడం లేదు. పంపేవాళ్ళు అప్పు చేసి పంపే సారె వద్దే వద్దు.

మాది రెండు ప్రాంతాల సంసారం. నేను గోదావరి వైపు నుంచి వచ్చాను, మా ఆయనది కరీంనగర్ దగ్గర పల్లె. అందుకే మా ఇంట్లో సంక్రాంతికి అరిసెలూ ఉండాలి, సకినాలూ ఉండాలి. సకినాలు చుట్టడం మా అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మంచం మీద పరిచే పాత నూలు దుప్పటి ఒకటి ఉతికి హాల్లో పరుస్తాం. నువ్వులు, వాము, ఉప్పు కలిపిన తడి బియ్యప్పిండిని బొటనవేలు, రెండు వేళ్ళ మధ్య నుంచి మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వదలాలి. దుప్పటి కాస్త తడి పీల్చుకున్నాక పళ్ళెంతో లేపి నూనెలోకి జార్చాలి. నేను మొదట్లో ఒక గిన్నెడు పిండి కలిపితే ఆవిడ తొంగి చూసి, "గింత పిండికి పొయ్యి ముట్టించుడెందుకు బిడ్డా? ఇంకో రెండు సోలలు పొయ్యరాదు" అన్నారు.

"అంత ఎవరు తింటారత్తమ్మా?" అన్నాను.

"గీ బిల్డింగుల మనుషులు లేరా? ఎదురింటోళ్ళు లేరా? మనం తినుడే అయితే దుకానంల కొనుక్కస్తే అయిపాయె" అన్నారు.

నేను ఈ వ్యాసంలో చుట్టూ తిరిగి చెబుతున్నది ఆవిడ అంతలో తేల్చేశారు.

పంచడం వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది, ఆరోగ్యం గురించి చెప్పినదానికి అదే నా జవాబు. డబ్బా నిండా ఉన్న జంతికలు ఎదురుగా ఉంటే టీవీ ముందు కూర్చుని మనమే ఖాళీ చేస్తాం. మూడు వంతులు బయటకు వెళ్ళిపోతే మనకు మిగిలేది నాలుగు రోజుల ముచ్చట. వేపుళ్ళను, తీపిని అదుపులో పెట్టుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తెలియదు.

పంచడం అంటే బలవంతం చేయడం మాత్రం కాదు. మన వైపు ఇది పెద్ద జబ్బు. "ఒక్కటి తీసుకోండి, మా మీద ఒట్టే" అని చుట్టాల కంచంలో మూడు పడేస్తాం. వాళ్ళు షుగర్ ఉందంటే "పండగపూట ఏం కాదు" అని మనమే డాక్టర్లమైపోతాం. నా పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్ళ ముందు తీపి ఒకటి, కారం ఒకటి చిన్న పళ్ళెంలో పెడతాను. అరిసెలను సగానికి విరిచే పెడతాను. సగం తీసుకున్నవాళ్ళు అడిగితే ఇంకో సగం. ఏమీ ముట్టనివాళ్ళకు మంచినీళ్ళు, టీ. వెళ్ళేటప్పుడు "పిల్లలకు పట్టుకెళ్తారా?" అని ఒక్కసారే అడుగుతాను. వద్దంటే వద్దు. మొహమాటపడి తీసుకెళ్ళిన పొట్లం కారు వెనక సీట్లో మెత్తబడిపోవడం కంటే డబ్బాలో ఉండడమే నయం.

చెప్పకుండా వచ్చే చుట్టాల కోసం ఇంట్లో ఏం ఉంచుకోవాలని మా చెల్లెలు అడుగుతుంటుంది. పప్పు చెక్కలు, సున్నుండలు. ఇంకేం అక్కర్లేదు. బొబ్బట్లు, బూరెలు ఆ పూటవి ఆ పూటే తినాలి, వాటిని నిలవ సరుకులో కలపకూడదు.

ఇప్పుడు నా మాటకు అసలైన ఎదురు ప్రశ్న. ఇన్ని వాయిలు వేయించేది ఎవరు? "పదిళ్ళకు పంచాలి" అనే మాట వెనక తరాల తరబడి నలిగింది ఆడవాళ్ళ నడుములే. పండగ ముందు వారమంతా మా అమ్మ పొయ్యి దగ్గర ఉండడం, మగవాళ్ళు అరుగు మీద కూర్చుని "ఉప్పు కాస్త తగ్గింది" అని తీర్పు చెప్పడం నేను చూస్తూ పెరిగాను. ఆ రోజులను తలుచుకుని ఎవరైనా "అవే మంచి రోజులు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచి రోజులు ఎవరికి? ఆ కష్టం ఇష్టం లేక ఈ తరం ఆడపిల్లలు పిండివంటలే వద్దనుకుంటే వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కప్పు కొలత వీడియోలు ఈ కష్టానికి మందులా కనిపిస్తాయి. కానీ కొలత తగ్గినా పని అదే ఆవిడ మీద ఉంటుంది. నానబెట్టడం, మర, పాకం, వేయించడం, ఆ తర్వాత జిడ్డు పొయ్యి తుడవడం, ఏదీ సగానికి తగ్గదు. తగ్గేది ఒక్కటే, తోడు వచ్చే మనుషులు. కప్పు బియ్యానికి సాయం చేయమని ఎవరినీ పిలవలేం కదా. నాలుగు కిలోలైతే పిలవచ్చు, పిలిచి తీరాలి. మా ఇంట్లో జంతికల గొట్టం తిప్పేది మా ఆయనే. మర పట్టించుకు రావడం, మూకుడు తోమడం కూడా ఆయన వాటాలోవే. ఈ ఏర్పాటు ప్రేమతో రాలేదు, గట్టిగా కూర్చుని మాట్లాడుకుంటే వచ్చింది.

మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి ఇంకో పని చేస్తున్నాం. ఒక్కో ఇంట్లో ఒక్కటే రకం, కానీ అందరికీ సరిపడా. మాకు సకినాలు. కింది ఫ్లోర్‌లో చేగోడీలు, ఎదురింట్లో కజ్జికాయలు. పెద్ద వయసు ఉన్న ఒకావిడ చేయలేరు, ఆవిడ బెల్లం, నెయ్యి కొనిస్తారు, పాకం వచ్చిందో లేదో చూసి చెప్పే పని కూడా ఆవిడదే. ఇలా చేస్తే ప్రతి ఇంటికీ నాలుగైదు రకాలు చేరతాయి, ఎవరూ వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడరు. ఒకే వంట పదేపదే చేస్తే చెయ్యి కూడా తిరుగుతుంది. పాత రోజుల్లో ఉమ్మడి కుటుంబం చేసిన పనిని మెట్ల మీదుగా చేస్తున్నామన్నమాట. గొడవలు లేవని అనను. కజ్జికాయల్లో కొబ్బరి తక్కువైందని ఒకరు, సకినాల్లో వాము ఎక్కువైందని ఒకరు. అలాంటి గొడవలు ఉండాలి కూడా.

కొనుక్కోవడం మీద నాకు చిన్నచూపు లేదని ముందే చెప్పాను. "హోమ్ ఫుడ్స్" అని బోర్డు పెట్టిన దుకాణాల వెనక చాలాచోట్ల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళే పొయ్యి దగ్గర ఉంటారు. మా అమ్మ డబ్బు లేకుండా చేసిన పనికి వాళ్ళకు జీతం వస్తోంది, అది మంచి మార్పే. కొనేటప్పుడు కాస్త కళ్ళు తెరిచి కొంటే చాలు. విడిగా అమ్మే మిఠాయిలకు ఎప్పటిలోగా తినాలో తేదీ చూపించాలని 2020 అక్టోబర్ 1న నిబంధన వచ్చింది. తేదీ కనపడకపోతే అడగండి. జంతిక ఒకటి చిదిమి వాసన చూడండి. పాత నూనె వాసన దాగదు, కారం ఎంత చల్లినా బయటపడుతుంది. ఒకచోట ఇలా వాసన చూశానని కౌంటర్ దగ్గరాయన చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకోనీ, తినేది మనం.

బెల్లం విషయంలోనూ అంతే. తెల్లగా, పసుపుగా మెరిసేది చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ మెరుపు చాలాసార్లు రసాయనాలతో తెచ్చింది. ముదురు రంగు అచ్చు తీసుకోండి. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలిందా, వదిలేయండి. అనకాపల్లి అచ్చు అయినా సరే, ఏ అచ్చుకా అచ్చు రుచి చూసే కొనాలి.

ఇక విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవాళ్ళకు నాదొక సలహా. అరిసెలు, సున్నుండలు ప్రయాణానికి తట్టుకుంటాయి. సకినాలు పంపకండి, అక్కడికి చేరేది నువ్వులు కలిసిన పొడి. మా మరిది ఆ పొడిని పెరుగన్నంలో కలుపుకుని తిన్నానని చెప్పాడు. బాగుందట.

డబ్బాల మీద మాత్రం పేరు రాసుకోండి. మూత మీద ఒకసారి, అడుగున ఒకసారి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదనే పట్టింపు మన వాళ్ళకు ఉంది కాబట్టి, డబ్బా మన ఇంటికి వచ్చేలోపు అందులో ఏదో ఒకటి వేయడానికి అది ఎవరింట్లోనో ఆగుతుంది, అక్కడి నుంచి ఇంకెవరికో వెళ్తుంది. పోయిన సంక్రాంతికి సకినాలు వేసి పంపిన మా పెద్ద స్టీలు డబ్బా ఇప్పటికీ రాలేదు. మూడో ఫ్లోర్‌లో ఉందని ఒకరంటారు, కిందింట్లో చూశామని ఒకరంటారు. ఉగాదికి అడుగుదామనుకున్నాను. ఆలోపు ఆ కిందింటావిడే వేరే డబ్బా నిండా చేగోడీలు పంపించారు. అది ఎవరి డబ్బానో ఆవిడకూ తెలియదట.